మైనస్ గుర్తు

నీలి సిరాతో ముప్ఫై ఒకటి.
ఎర్ర సిరా అయిపోయిందేమో డాక్టర్ ఆసిబేకి.
విద్యుదయస్కాంత సిద్ధాంతం, మూడో సంవత్సరం,
నూటికి ముప్ఫై ఒకటి.
నోటీసు బోర్డు ముందు ఇరవై భుజాల సందులోంచి
నా నంబరు వెతుక్కుని
చూడనట్టే వచ్చేశాను.

కుమాసీలో అప్పుడు హర్మట్టాన్ గాలి.
పెదాల మీద ఎడారి దుమ్ము.
హాస్టల్ గది గడియ ముట్టుకుంటే చురుక్కుమంది,
నైలాన్ దుప్పటి లాగితే చీకట్లో చిటపటలు.
మొదటి అధ్యాయమంతా నా మంచం మీదే జరుగుతోంది.
పరీక్షలో మాత్రం అది రాలేదు.

వచ్చింది తలకిందుల త్రిభుజం.
పక్కన చుక్క పెడితే ఒక అర్థం,
ఇంటూ పెడితే ఇంకో అర్థం.
ఏ అర్థమూ తెలియకుండా రెండూ రాయగలను నేను.
ఆ రోజు హాల్లో అందరం
కుడిచేతులు గాల్లో తిప్పుతూ కూర్చున్నాం,
కనపడని బల్బులు ఊడదీస్తున్నట్టు.
ఎవరి బొటనవేలు ఎటు చూసిందో
ఎవరికీ తెలీదు.

శనివారం సువామే మ్యాగజైన్‌కి వెళ్లాను.
మ్యాగజైన్ అంటే పత్రిక కాదు,
చచ్చిన లారీలు మూడు కలిసి
బతికిన లారీ ఒకటయ్యే చోటు.
ఆ నూనె నేల మీద, రేకుల కింద
మా మేనమామ అజెకుమ్
కాలిపోయిన మోటార్లకి మళ్లీ తీగ చుడతాడు.
చూపుడువేలికి గోరు లేదు.
అడిగితే, "ఒక పంపు తినేసింది" అంటాడు.

నాకు సీటొచ్చినప్పుడు వద్దన్నవాడు ఇతనే.
"ముప్ఫై ఏళ్లుగా కరెంటుతో కాపురం చేస్తున్నా,
దాని చుట్టూ ఎంత తీగ చుట్టినా
దానికి చుట్టరికం తెలీదు, ఫొసువా,
వేరే ఏదైనా చదువుకో."
వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నేనే అన్నాను,
"మానేస్తాను మామా. అకౌంటింగ్‌కి మారిపోతాను."

జవాబు లేదు.
పాత ఏసీలోంచి కోసిన రాగి గొట్టం తీశాడు,
మూరెడు పొడవు.
నిలబెట్టి పట్టుకోమని
పైనుంచి ఒక నట్టు వదిలాడు.
టక్.
తర్వాత పాడైన హెడ్‌ఫోన్‌లోంచి తీసిన
గుండీ అంత అయస్కాంతం వదిలాడు.

రాలేదు.
ఒకటి.
ఎక్కడో ఇరుక్కుందనుకున్నాను.
రెండు.
రాగికి అయస్కాంతం అంటుకోదు, చిన్నప్పుడే తెలుసు.
పైనుంచి ఒంటికన్నుతో తొంగిచూస్తే
గొట్టం గోడలు తాకకుండా, మధ్యలో,
తేనెలో మునిగే గింజలా
దిగుతూ ఉంది.
మూడు.
అరచేతిలో పడింది, చల్లగా, ఏమీ ఎరగనట్టు.

"కింది రాగి రావద్దంటుంది,
పై రాగి పోవద్దంటుంది," అన్నాడు మామ
మళ్లీ తీగ అందుకుంటూ.
"ఎందుకో నాకు తెలీదు. అది నువ్వు చదవాలి."

ఆ ఎందుకుకి ఒక పేరుంది.
ఒక జర్మన్ పేరు, సమీకరణంలో ఎడమ చివర
చిన్న అడ్డగీత.
పరీక్షలో నేను వదిలేసింది దాన్నే.
నాలుగు మార్కులు, అనుకున్నాను అప్పుడు,
గీతే కదా.

అంతలో కరెంటు పోయింది.
వెల్డింగ్ మెరుపులు ఆగాయి, గ్రైండర్లు ఆగాయి,
వీధి చివరి నుంచి అరటికాయలు కాలే వాసన
ఇప్పుడు వినపడుతున్నంత దగ్గరగా వచ్చింది.
మామ చేతులు మాత్రం ఆగలేదు.
చీకట్లోనే చుడుతున్నాడు,
పెదాల మధ్య అంకెలు,
నూట పదకొండు, నూట పన్నెండు,
బొటనవేలు పైకి, వేళ్లు ముడిచి.
ఆ చెయ్యి ఎటు చూస్తుందో
దానికెవరూ చెప్పనక్కర్లేదు.

"మళ్లీ రాయడానికి ఎంత కట్టాలి?"
చెప్పాను.
"చాలా ఎక్కువ" అన్నాడు. అంకె తప్పిపోయింది.
విసుక్కుని, విప్పి, మొదట్నుంచి మొదలుపెట్టాడు.

కాసేపయ్యాక,
"చీకటి పడింది, ఆఖరి ట్రోట్రో వెళ్లిపోతుంది, ఇక పో" అన్నాడు.
లేచాను.
గడప దాటుతుంటే,
"ఈ ఒక్క కాయిలూ పట్టుకుని పో" అన్నాడు.