తొమ్మిది గుర్రాలు

మెచుకె దీవిలో వాన ఆగదు.
ఆగిందంటే ఎవరూ నమ్మరు.
ఆ వానే నింపిన పీపా అంచుకి బిగించి
రోసమెల్ మోటారు మూత తీశాడు.

తొమ్మిది గుర్రాల బలమట దీనిది.
"ఏడు ఎప్పుడో చచ్చాయి" అంది ఎదువీనా,
"మిగిలిన రెంటికీ పొత్తు కుదరదు."

అడుగు మర వదులు చేస్తే
గేరునూనె పాలెక్కువైన టీలా కారింది.
వేళ్ల మధ్య రాసి, వాసన చూసి
"ఉప్పునీళ్లు తాగింది ముసల్ది.
సీలు మార్చాలి" అన్నాడు.
సీలు కాస్త్రోలో దొరుకుతుంది.
కాస్త్రోకి పడవ మీద పోవాలి.
పడవకి మోటారు కావాలి.
ముగ్గురం కాసేపు వాన వైపు చూశాం.

"ముందు ఆ మర కింద వాషరు చూడు"
అందామె, పొయ్యి మీద
రొట్టెల పక్కన ప్లగ్గు ఆరబెడుతూ.
చూస్తే అది వాషరు కాదు,
వాషరు జ్ఞాపకం.

కాలి బూటు విప్పి, పైఅంచున
పెసో బిళ్ల పెట్టి గీసి కోసిందామె.
నేను మసిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను,
అంతకన్నా నాకేమీ రాదు.

కొత్త నూనె. మళ్లీ మర.
తాడు లాగాడు. లాగాడు.
పదకొండోసారి తిట్టుతో కలిపి లాగాడు.

దగ్గింది. పొగ కక్కింది.
పక్క కంతలోంచి సన్నటి నీటిధార,
వేలు పెట్టి చూశాను, గోరువెచ్చన.

ఇక కాస్త్రోకి పోవచ్చు,
పోవలసిన పనే లేదు
అని రోసమెల్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఎదువీనా ఒంటికాలి మీద నిలబడి
బూటు కంతలోంచి అతన్ని చూస్తోంది.