నీళ్ళు ఇటువైపు

ముప్పై నాలుగేళ్ళు పడవలు చేశాను.
పనల్లా ఒకటే, నీళ్ళని లోపలికి రానివ్వకపోవడం.
చేపలు తగ్గి, రాస్‌మక్ రేవులో మా షెడ్డుకి తాళం పడ్డాక
గాల్వేలో ఈ కంపెనీ వాళ్ళు పిలిచారు.
ఇక్కడా అదే పని, కాకపోతే తిరగేసి:
నీళ్ళు బయటికి పోకూడదు.

మొదటిరోజు బ్రోనా నా అరచేతిలో
మైనంతో చేసిన కొమ్మొకటి పెట్టింది.
పాత అల్లం కొమ్ములా వంకరటింకరగా ఉంది.
"గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని," అంది.
ఎవరిదని అడిగాను.
అరవై ఏడేళ్ళ ఆడమనిషి, ఎడమవైపు వంపు ఎక్కువ.
ఫైల్లో అంతే ఉంది.

మైనం మీద కుంచెతో సిలికాన్ పూస్తాను,
పడవ అడుక్కి రెజిన్ పూసినట్టే.
ఒక పొర. తిప్పడం. ఆరనివ్వడం. ఇంకో పొర.
గాలి బుడగ ఒక్కటి మిగిలినా చాలు,
సముద్రానికైనా నెత్తురుకైనా అక్కడే దారి దొరుకుతుంది.
ఆరో పొర గట్టిపడ్డాక వేణ్ణీళ్ళలో ముంచితే
లోపలి మైనం కరిగి కారిపోతుంది.
కొమ్మ పోయి
కొమ్మంత ఖాళీ మిగులుతుంది.

నా మొదటి ధమనిని వెనక్కి పంపేశారు.
"మరీ బాగుంది," అన్నాడు టెస్టింగ్ గది ఓరన్,
"ఇంత నున్నటి దాంట్లో ఏ తీగైనా జారిపోతుంది.
మాకు ముసలిది కావాలి."

గీత పడనివ్వని చేతులకి
రోగం చేయడం నేర్పించాను.
పలచబడాల్సిన చోట గోడని పలచన చేశాను,
ఉబ్బాల్సిన చోట ఉబ్బనిచ్చాను.
సున్నప్పొడి కలిపి లోపల గరుకులు పెట్టాను.
ఏ గుల్లల్ని పడవల అడుగునుంచి
ముప్పై నాలుగేళ్ళు గీకి పారేశానో
వాటినే ఇప్పుడు, పట్టకారుతో, ఒక్కొక్కటీ
కూర్చుని అతికిస్తున్నాను.

నెత్తురంటే గ్లిజరిన్ కలిపిన నీళ్ళు.
ఎరుపు కూడా వెయ్యరు, తీగ కనబడాలి కదా.
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చన.
పంపు నిమిషానికి డెబ్బై రెండుసార్లు తంతుంది.
అద్దాల తొట్టిలో, మనిషి లేకుండా,
మనిషి లోపలిది ఒకటి ఉలిక్కిపడుతూ ఉంటుంది.
బయట వాన. ఇక్కడ వాన పడని రోజుని జనం చెప్పుకుంటారు.
తొట్టి పక్కన కూర్చుంటే కొన్నాళ్ళకి
ఏది పంపు చప్పుడో ఏది కిటికీదో తెలియకుండా పోయింది.
ఓరన్ తీగని దూరుస్తాడు, లాగుతాడు, మళ్ళీ దూరుస్తాడు.
అబ్బా అనేవాళ్ళు లేరు. సంతకం పెట్టాల్సిన చుట్టాలు లేరు.

మూడువందల పన్నెండోసారి
వంపు దగ్గర తీగ మొన ఆగింది.
కొంచెం తోశాడు.
ముందు ఒక చుక్క.
తర్వాత దారం.
నా గోడలోంచి, నేను పూసిన ఆరు పొరల్లోంచి, నీళ్ళు.

లేచిపోయాను. పాత అలవాటు,
చెయ్యి అడ్డం పెట్టడానికి తొట్టిలోకి వంగాను కూడా.
వెనకనుంచి చప్పట్లు.

డిజైన్ వాళ్ళు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చారు.
ఒకడు ఫోటో తీశాడు. ఎవరో బిస్కెట్ల డబ్బా తెరిచారు.
బ్రోనా గోడ గడియారం చూసి టైము రాసుకుని
నా మొహం కేసి చూసింది.
"ఫెస్టీ, చిల్లు ఇక్కడ పడింది," అంది.
'ఇక్కడ' అన్నచోట కాస్త ఆగింది.
తడిసిన మోచేతిని తుడుచుకుంటూ
నేనూ ఒక బిస్కెట్ తీసుకున్నాను.

పడవ మునిగితే మా ఊళ్ళో
ఆ ఏడంతా దాని పేరెత్తేవాళ్ళు కాదు.
దీనికి పేరు లేదు, నెంబరుంది.
చిల్లు చుట్టూ నల్లసిరాతో సున్నా చుట్టి, తేదీ వేసి,
అలమరలో మూడో అరలో పెట్టారు.
ఆ అరవై ఏడేళ్ళావిడ ఉందో లేదో
మళ్ళీ ఒకసారి ఫైలు తిరగేశాను. లేదు.

రేపటికి అదే వంపు ఇంకోటి కావాలట.
గోడ ఇంకాస్త పలచగా.
మైనం పొయ్యి మీద పెట్టాను.