గుంట

ఏరు వెనక్కి పోయిన ఆరో రోజు
కర్నూలు నుంచి ట్రాక్టర్లో పోయినాం, పదకొండు మందిమి.
పారలు, గంపలు, రెండు బస్తాల బ్లీచింగు,
కల్లూరులో వెల్డింగు పని మానుకొని వచ్చిన షమీవుల్లా,
కాలేజీకి ఎగనామం పెట్టిన పాలిటెక్నిక్ పిల్లలు,
మెడలో కొలతటేపుతో నేను.

నా పని మామూలుగా కాళ్లు కొలవడం.
మోకాలికి పైన ఎంత, కింద ఎంత,
మోడు చుట్టూ ఎంత,
రాసి పంపితే రబ్బరు పాదం వస్తుంది.
ఆ వారం మాత్రం నా చేతికీ పారే ఇచ్చినారు.

ఊరంతా ఒకటే రంగు.
గోడల మీద తుంగభద్ర గీసిపోయిన గీత
నా తలకంటే జానెడు ఎత్తున.
దీపం పెట్టే గూట్లో
ఎండిపోయిన చేపపిల్ల ఒకటి.

తొగట చౌడప్ప ఇల్లు మా వంతుకు వచ్చింది.
ఆయన బడిలో ఉన్నాడంట,
చంకకర్ర మీద, పులిహోర పొట్లాల వరుసలో.
వచ్చేసరికి అద్దం మాదిరి చేసి పెడదామన్నాడు షమీ.
చేసినాం.
మోకాలిలోతు బురద ఎత్తిపోసినాం.
నడింట్లో ఒకచోట పార దిగబడింది,
ఎంత తోడినా బురదే.
ఏరు తవ్విపోయిన గుంతేమో,
అసలే కాలు లేని మనిషి, చీకట్లో పడితే?
రాయీ రప్పా వేసి పూడ్చినాం.
దిమ్మిసతో కొట్టినాం.
హైమావతి సున్నం తెచ్చి
ఆ చదును మీదనే ముగ్గు పెట్టింది.

మాపటేల వచ్చినాడు.
గోడలు చూళ్లేదు, ముగ్గు చూళ్లేదు.
కర్రతో నేలను తట్టుకుంటా తట్టుకుంటా పోయి
నడింట్లో నిలబడ్డాడు.

"నా గుంట యాడప్పా?"

ఎవరం పలకలేదు.
ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది,
నవ్వో ఏడుపో తెలీలేదు.

"మగ్గం గుంట నాయనా అది. మా అబ్బ తవ్వింది.
పొద్దున దిగితే మాపటికి ఎక్కేటోన్ని.
దాంట్లో కూకుంటే
నాది ఒంటికాలని
గిరాకీకి గాని, వీదిలో పిల్లోల్లకు గాని,
నాకు గాని
గ్యాపకం రాదు."

తిట్టింటే బాగుండు.
"ముందు రోన్ని ఉగ్గాని తినండి" అన్నాడు.
బడిలో పంచిన బొరుగులతో ఈరమ్మ కలిపింది.
నాకు గొంతు దిగలేదు. పిల్లలు మాత్రం రెండోసారి పెట్టించుకున్నారు.

రాత్రి షమీ ట్రాక్టరు తిప్పి
లైట్లు ఇంట్లోకి కొట్టినాడు.
ముగ్గు నడిమధ్యనే గడ్డపార దింపినాం.
నేను టేపు తీస్తే వద్దన్నాడు చౌడప్ప.
అంచున కూచొని కాలు కిందికి జారవిడిచి
ఇంకో జానెడు,
ఇంకో బెత్తెడు,
ఈ పక్క గీరండి, తొక్కుడుకర్ర ఆడల్ల కదా.
పదహారేండ్లుగా కాళ్లు కొలుస్తా ఉన్నాను.
కాలు కొలవడం
అప్పుడే చూసినాను.

తవ్వుతా ఉంటే చెప్పినాడు,
కాలు లేదని చెప్పే సర్టిఫికెట్టు ఏట్లో పోయిందంట.
"నలభై శాతమో అరవై శాతమో
మల్లా డాక్టరు చెప్పల్ల.
అందాకా గవర్నమెంటు లెక్కలో నాకు రెండు కాళ్లు!"
ఆ మాటకు నవ్విన మొదటివాడు ఆయనే.

రిజిస్టరులో ఆ రోజు పేజీకి
'చేసిన పనులు' అని ఒక గడి.
పూడ్చినవి ఒకటి, తవ్వినవి ఒకటి అని రాసినాను.
పైసారు పెన్సిలుతో ప్రశ్నగుర్తు పెట్టినాడు.
అది అట్లనే ఉంది.

కాలు మాఘమాసంలో వచ్చింది.
సంతకు తొడుక్కుంటాడు, బ్యాంకుకు తొడుక్కుంటాడు.
మగ్గంలోకి దిగేముందు విప్పి
గోడ మీద, ఏరు గీసిన గీత పక్కన
మేకుకు తగిలిస్తాడు.
ఏట్లో పోయిన కొయ్య చట్రానికి బదులు
షమీ ఇనుముతో చేసిచ్చినాడు.
చప్పుడు వేరేగా ఉందని
పోయినప్పుడల్లా వాణ్ని తిడతాడు చౌడప్ప,
ఆ పొద్దు తిట్టనిది కూడా
కలిపి.