జిల్లాలో అగ్నిపర్వతం లేదు

ఫైలు మీద ఎర్రసిరాతో రాసింది నేనే:
"విశాఖపట్నం జిల్లాలో అగ్నిపర్వతం లేదు.
జావాకి ప్రయాణ భత్యం దేనికో వివరించగలరు."
ఇరవై ఆరేళ్ల సర్వీసులో
ఇంత పదునైన కొర్రీ వెయ్యలేదని
మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ మురిసిపోయాను కూడా.

మూడోరోజు ఆ పిల్లే వచ్చింది.
మైలపల్లి నూకరత్నం, జాలరిపేట,
భూగర్భశాస్త్రంలో పరిశోధన, రెండో ఏడు.
వివరణ కాగితం తేలేదు.
సంచిలోంచి ఒక రాయి తీసి
నా బల్ల మీది గ్లాసులో వేసింది.
తేలింది.

తేలే రాయి నాకు కొత్తేం కాదు.
మా అమ్మ మడమలు తోముకునేది దాంతోనే,
పూర్ణా మార్కెట్లో పావలా పెట్టి కొన్నది.
"ఇది కొన్నది కాదు సార్,
మా అయ్య వలకి తగిలింది.
ఏ దీవిలోనో కొండ కక్కిన నురగ
ఎన్నేళ్లు ఈదిందో మన ఒడ్డుకి.
దానికి టీఏ డీఏ ఎవలిచ్చారు?"

నవ్వొచ్చింది. మింగాను.
సూపరింటెండెంటు కుర్చీలో నవ్వడానికి
ఏ పద్దు కిందా అనుమతి లేదు.

అప్పుడు చెప్పింది సెకార్ సంగతి.
కొండ కిందే పుట్టింది, కొండనే చదువుతోంది.
పాలడబ్బాల్లో తారీఖులేసి దాచింది
పన్నెండేళ్ల బూడిద.
ఆ బూడిదని జిగురులో గడ్డకట్టించి
వెలుతురు దూరేంత పల్చగా అరగదీసే చెయ్యి
ఇక్కడ, మన సన్నిబాబుది,
వచ్చే ఏడు రిటైరవుతాడు.
ఇద్దరూ రాత్రి పదకొండు దాటాక
ఫోన్లలో ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకుంటారు,
మధ్యలో నెట్టు పోతే
పోయినచోటే నిలబడిపోతుంది కొండ.

"పోర్టులో పదో నంబరు ఎగరేస్తే
మా పేటలో ఎందుకని ఎవలూ అడగరు సార్.
పడవలు పైకి లాగీడమే.
ఆ నంబరు ఎనక ఎన్ని దేశాల లెక్కలున్నాయో
మా మామ్మకి తెలీదు. బతికుంది, అంతే.
వాళ్ల కొండకీ నంబర్లున్నాయి.
మూడుని నాలుగు ఎప్పుడు చెయ్యాలో
ఒక్కత్తీ కూర్చుని తేల్చలేకపోతంది."

గ్లాసులో రాయి అంచుకి ఆనుకుని
నెమ్మదిగా తిరుగుతోంది.
"అభ్యంతరం ఉపసంహరించడమైనది" అని రాశాను.
నీలం సిరాతో.
పైవాళ్లు సగమే మంజూరు చేశారు.
మిగతా సగం సన్నిబాబు, నేను, ఇంకో ఐదుగురం.
ఆ రసీదులేవీ ఏ ఫైల్లోనూ లేవు, వెతక్కండి.

జనవరిలో, మార్పిడి కింద, సెకార్ వచ్చింది.
రూళ్ల ప్రకారం భోజనం గెస్ట్‌హౌస్‌లో.
మా ఆవిడ రూళ్లు ఒప్పుకోలేదు.
కూర్మన్నపాలెంలో మా డాబా మీద
వంజరం ముక్కలు, ఇంత అన్నం,
సన్నిబాబు తెచ్చిన మాడుగుల హల్వా.
రెండో ముద్ద దగ్గర
దక్షిణం వైపు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడింది.
మేం తల కూడా ఎత్తలేదు.
ప్లాంటులో స్లాగు పోస్తున్నారు,
రోజూ చూసేదే.

ఆ పిల్ల చెయ్యి
విస్తట్లోంచి లేచి గొంతు దగ్గరకెళ్లింది,
అక్కడ లేని మాస్కు కోసం.
కళ్లు మెట్లు ఎటున్నాయో చూసుకున్నాయి.
పెదవులు లెక్కపెడుతున్నాయి, వాళ్ల భాషలో.
నూకరత్నం మణికట్టు పట్టుకుని
"ఉక్కు, సెకార్. ఉత్త ఉక్కు నురగ" అంది.
నవ్వింది సెకార్.
చెయ్యి కిందికి దిగడానికి మాత్రం
చాలాసేపు పట్టింది.

జిల్లాలో అగ్నిపర్వతం లేదని
ఎవరు రాశారో నేను చెప్పలేదు.

రాయి నా దగ్గరే ఉంచి వెళ్లారు.
కాగితాల మీద బరువుగా పెట్టాను.
పనికిరాదు, మరీ తేలిక.
ఫ్యాను వేస్తే
ఫైళ్లతో పాటు అదీ కదులుతుంది.