పాకం రాని నీళ్లు

పాత ఇనుము కొనేవాడు వచ్చి
పెనాన్ని చెప్పుకాలితో ఒక తన్ను తన్ని చూసినాడు.
ఆ మోత మామిడితోపు దాటి
ఐరాల రోడ్డు దాకా పోయి వెనక్కొచ్చింది.
కిలో ఇరవయ్యారు అన్నాడు.
ఇయ్యను పో అన్నాను.
ఎందుకియ్యనో అప్పటికి నాకూ తెలీదు.

ఎనిమిదడుగుల అడ్డం, మోకాటిబంటి లోతు.
గానుగ ఆగినప్పట్నుంచీ నాలుగేండ్లు
చప్పరం కింద బోర్లా పడుకోనుంది.
ఒక ఏడు దాని కింద కోడి పొదిగింది.
చెరుకు పీకేసి అందరం తోతాపురి పెట్టినాము.
ఇప్పుడా తోతాపురీ ఫ్యాక్టరీ గేటు కాడ
ట్రాక్టర్లో కుళ్లే కాలమొచ్చింది,
అది వేరే కత.

నా నడుం చూసి చిత్తూరు డాక్టరు
ఉడుకునీళ్ల కాపడం పెట్టుకోమన్నాడు.
ఎన్ని నీళ్లో చెప్పలేదు.

మేస్త్రి వేలాయుధం ఇటికెలతో పొయ్యి కట్టినాడు.
కింద కాలకుండా పాత తలుపుచెక్క ఒకటి పరిచినాము.
తోటలో కొమ్మలు కొట్టగా మిగిలిన కట్టెలు,
చెనిక్కాయ పొట్టు రెండు గోతాలు.
నీళ్లు కాగేదానికి రెండు గంటలు.
నేను దిగి కూర్చుంటే మా కస్తూరి
వాకిట్లోంచే అరిచింది,
"చింతపండూ మిరియాలూ తెచ్చేదా?"

ధనుర్మాసం చలి. పడుకుంటే నీళ్లు గొంతు దాకా.
పొగ చుక్కల్ని కాసేపు చెరిపి మళ్లీ పెడతాంది.
ఒక మామిడాకు వచ్చి నా బొడ్డు మీద ఆగింది.
ఇనుము వాసన, దాని వెనకాల ఎక్కడో,
ఎంత తోమినా పోకుండా, బెల్లం.
తెల్లారి చూస్తే అంచు చుట్టూ గండుచీమలు,
వాటికెవరూ చెప్పలేదు పాపం
గానుగ మూసేసినామని.

ఒకటే చిక్కు.
పొయ్యి నోరు అవతల పక్క.
కట్టె ఎగదోయాలంటే తడి ఒంటితో లేచి
గాలిలో చుట్టూ తిరిగి పోవాల.
మూడో రోజు అట్ల వణుక్కుంటా పోయి వంగినప్పుడు
గెంగులప్ప గుర్తొచ్చినాడు.

పద్దెనిమిది సీజన్లు ఆ నోటి ముందర కూర్చున్నోడు.
చెరుకుచెత్త పిడికెడు పిడికెడు మేపినోడు.
పైన మడ్డి తీసేది మేము, తెడ్డు తిప్పేది మేము,
పాకం ఉండకట్టిందని చల్లనీళ్లలో వేసి చూసేది మా నాయన.
అంతకు ముందే కింద నించి
"వచ్చింది సామీ" అని వినపడేది.
పొంగు చప్పుడుతోనే చెప్పేవాడు.
కూలి ఎంతిచ్చేవాళ్లమో నాకు గుర్తు లేదు.
అతనికి గుర్తుంటుంది. అడగలేదు.

పిలిస్తే రానన్నాడు.
ఆదివారం తనే వచ్చినాడు, భుజాన తువ్వాలేసుకోని.
రెప్పల వెంట్రుకలు మొలిచి ఉండాయి,
అతన్ని వాటితో చూడటం నాకదే మొదలు.
పెనం చుట్టూ ఒక సుత్తు తిరిగినాడు.
అతుకు మీద బొటనవేలు పెట్టి,
"కారతా ఉండె గదా ఇది, ఎప్పుడు మాటేసినారు?"
కాలు పెట్టి, తీసి, పెట్టి,
బస్సులో టికెట్టు లేనోడి మాదిరి
అంచున ముడుచుకోని కూర్చున్నాడు.

నేను పొయ్యి కాడికి పోయినాను.
ఎదురుగా కూర్చుంటే తెలిసింది,
మంట మొహాన్ని ముందు ఆరబెడతాది,
తర్వాత అడుగుతాది.
పై నుంచి మాటలు:
"తడికట్టె పెట్టినావు."
"నడిమిద్య వద్దు, పక్కలకి తొయ్యి."
"ఊదబాక, దాని ఊపిరి దానికుండాది."
ఒక్కోటీ విని చేస్తా ఉంటే
మాటలు పలచబడి
ఆగిపోయినాయి.

భయమేసి లేచి చూసినాను.
కాళ్లు బారజాపి, తల ఇనుపంచుకు ఆనించి,
కండ్లు మూసుకోని
దోసిట్లో నీళ్లు ఎత్తి వేళ్ల సందుల్లో జారవిడుస్తా
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
తీగ సాగుతుందేమో అని తడుముకుంటా ఉండాడు.

"వచ్చిందా గెంగులప్పా?"

"ఇంగా ల్యా" అన్నాడు, కండ్లు తెరవకుండానే.
"ఇంగొక కట్టె ఎయ్యి."