చల్లారని పక్క

మా అమ్మ హఫియా ఇంట్లో మంచాలు ఆరు,
మనుషులు పన్నెండు మంది.
పగటి షిఫ్టు వాళ్ళు లేచిన గుంతలోనే
రాత్రి షిఫ్టు వాళ్ళు వచ్చి వాలేవాళ్ళు.
గడ్డి పరుపుకి చల్లారే తీరిక లేదు.

అందరూ పొయ్యిలో పిల్లి లేవని కార్పేతియన్ కొండల నుంచి
కడుపు చేతబట్టుకుని ఓడెక్కినవాళ్ళే.
ఊళ్ళో మా అందరికీ కలిపి ఒకటే పేరు: హంకీలు.

వసిల్, మిత్రో ఒకే మంచం.
ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకున్నది లేదు.
"ఎడంపక్కకి ఒత్తిగిలి పడుకుంటాడు,
మోకాలు నొప్పి ఉన్నట్టుంది" అనేవాడు వసిల్
పరుపులో పల్లం తడిమి.
ఒకసారి దిండు కింద కాస్త పొగాకు వదిలి వెళ్ళాడు.
మర్నాడు అక్కడ ఒక ఉల్లిపాయ ఉంది.
వాళ్ళ స్నేహం అంతే.

నదికి అవతల ఉక్కు కొలిమి,
ఆదివారం కూడా ఆరదు.
అమ్మ సోమవారం ఉతికిన దుప్పట్లకి
మంగళవారానికల్లా దాని రంగే.
"వీళ్ళకి ఉతుక్కోవడం కూడా రాదు" అనేది
కంచె అవతల నుంచి హొనోరా గెరటీ.
ఆమె తాడు మీద దుప్పట్లూ అదే రంగు.

ఆమె తండ్రి కాలువ తవ్విన మనిషి.
నాకు రొట్టె ముక్క పెట్టి ఆమే చెప్పింది ఒకసారి,
ఆయన్ని గుమ్మంలోకి రానివ్వని బోర్డుల గురించి,
వాళ్ళ చర్చి తలుపుకి ఎవరో నిప్పంటించిన రాత్రి గురించి.
చెబుతూ ముక్కు చీదుకుంది.
అదే నెల, కూలి పది సెంట్లు తగ్గిన నెల,
మమ్మల్ని పంపించెయ్యాలని వీధి చివర బల్ల వేసి
సంతకాలు పెట్టిస్తుంటే
మొదటి కాగితం మీద ఆమె పేరు, గుండ్రటి అక్షరాల్లో.
ఏరు దాటి తెప్ప తగలేసిందని అందాం అనుకున్నాను.
కానీ ఆ తెప్ప ఆమెది కాదు, తండ్రిది.
ఆమె పుట్టిందే ఈ గట్టున.

తర్వాత కొలత టేపుతో ఒకాయన వచ్చాడు.
గోడ నుంచి గోడకి గాలిని కొలిచాడు.
మనిషికి ఇన్ని ఘనపుటడుగులు ఉండాలట.
తొమ్మిదేళ్ళ నేను దుబాసీని.

"ఇక్కడ ఎంతమంది నిద్రపోతారు?"
అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి.
"నిద్ర ఎవడు పోతున్నాడే,
ఒకడొచ్చేదాకా ఇంకొకడు పక్కకి కాపలా, అంతేగా. చెప్పు."
నేను ఇంగ్లీషులో "ఆరుగురు" అన్నాను.
అబద్ధం కాదు. ఏ గంటలో చూసినా ఆరుగురే.

"పశువుల్లా" అని గొణుక్కుంటూ రాసుకున్నాడు.
అమ్మ నా వైపు చూసింది, ఏమన్నాడని.
ఇల్లు శుభ్రంగా ఉందన్నాడని చెప్పాను.
అమ్మ మురిసిపోయి
వేడి రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది.
ఆయన తీసుకున్నాడు.

ఫిబ్రవరిలో కరిగిన ఉక్కు మోసే గొలుసు తెగింది.
కంపెనీ వాళ్ళు మిత్రో అన్నం డబ్బా పంపారు,
మూత మీద 412 అని అంకె.
పేపర్లో రెండు లైన్లు వచ్చింది,
ప్రమాదంలో ముగ్గురు మనుషులు, ఇద్దరు హంకీలు పోయారని.
నేనే చదివి వినిపించాను.
ఈసారి మార్చడానికి ఏ మాటా దొరకలేదు.

సాయంత్రం వసిల్ పని నుంచి వచ్చి
పరుపు మీద చెయ్యి పెట్టి చూశాడు.
మంచుగడ్డలా ఉంది.
బూట్లు విప్పకుండానే నేల మీద పడుకున్నాడు.

చీకటి పడ్డాక గెరటీ మా గుమ్మం దాకా వచ్చింది,
చేతిలో మడత పెట్టిన దుప్పటి, మసి రంగుది.
పెట్టెలో పరచడానికి, అంది.
పెట్టెలో పెట్టడానికి ఏమీ మిగల్లేదని ఆమెకి తెలీదు.
అమ్మ దుప్పటి తీసుకుంది.
సంతకం మాత్రం ఆ కాగితం మీద అలాగే ఉంది.

గురువారం ఓడ దిగిన కుర్రాడొకడు వచ్చాడు.
శుక్రవారం వసిల్ పరుపు తడిమి,
చాలాసేపు ఊరుకుని అన్నాడు:
"వీడు వెల్లకిలా పడుకుంటాడు."