పసుపు క్యాన్యులా

ఎల్బీనగర్‌ల మెట్రో స్తంభం పక్కన ఆస్పత్రి,
పెయింటు వాసన ఇంకా పోలే.
మెట్ల కాడ వాచ్‌మన్ రెండు వరసలు చేస్తున్నడు:
"బీఎస్సీ, జీఎన్ఎం ఇటు. ఏఎన్ఎం అటు."
అటు అంటే
జనరేటర్ పక్కన.

పద్నాలుగేండ్ల సర్వీసు
ఒక పాలిథిన్ కవర్ల పట్టింది.
మూడు నర్సింగ్ హోములు, అండ్ల రెండు మూతబడ్డయ్,
సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరొకాయన చచ్చిపోయిండు.
ఇటు వరస గంటల అయిపోయింది.
మా వరస కదలాలంటే
లోపల ఎవరో టిఫిన్ తినాలె, చెయ్యి కడుక్కోవాలె,
ఏసీ తగ్గించుకోవాలె.

"పేరు?"
సువార్తమ్మ, గార్ల మండలం.
"ఏం చేయగలరు?"
పిల్లగానికి ఇరవై నాలుగేండ్లుంటయేమో, మెడల గుర్తింపు కార్డు.
ఏడ మొదలు పెట్టాలె బిడ్డా?
కరెంటు పోయిన రాత్రి ఫోన్ లైటు నోట కరుచుకొని
కాళ్ళు ముందొచ్చిన బిడ్డను తీసిన్నని చెప్పాలెనా,
అది చెప్తే కేసవుతదా?
"ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, కాన్పులు" అన్న.
"అవన్నీ ఓకే మేడమ్.
స్టాఫ్ నర్స్ అంటే జీఎన్ఎం అన్న ఉండాలె.
ఇన్‌స్పెక్షన్‌కొచ్చినోళ్ళు ఫస్టు కోర్సు పేరే చూస్తరు.
అసిస్టెంట్‌గా అయితే పదమూడు వేలు."
పదమూడు అనేటప్పుడు కొంచెం సిగ్గుపడ్డడు.
మంచి పిల్లగాడే.

నా రూమ్మేట్ ఇందుజకు
ఫోన్‌ల మూడు ఆఫర్లున్నయ్.
మూసాపేట హాస్టల్‌ల రాత్రి పన్నెండు దాటినంక
దుప్పటి కప్పుకొని జర్మన్ చదువుతది:
డెర్, డీ, దాస్.
కలల గూడ గొణుగుతది.
ఆమెకు రెండేండ్ల బాండుంది, ఒరిజినల్స్ ఆస్పత్రోళ్ళ బీరువాల ఉన్నయ్,
ఇంటర్‌ల తప్పిన తమ్ముడున్నడు.
ఆ మూడు ఆఫర్లను
పొద్దున లేవంగనే ఒకసారి చూసుకుంటది,
రాని బస్సు నంబరు చూసినట్టు.

పోయినేడు ఇద్దరం ఒకే వార్డు.
తొమ్మిది దినాల పిల్ల, ఏడ్చే ఓపిక గూడ లేదు.
ఇందుజ రెండుసార్లు గుచ్చింది, చేతులు వణికినయ్,
"అక్కా, నరం దొరుకుతలేదు."
పసుపు క్యాన్యులా, అన్నిట్ల చిన్నది.
లైటు ఆర్పమన్న. అరచేయి కింద టార్చి పెట్టిన.
ఎర్రటి చేతిల సన్నటి నల్ల దారం.
రక్తం వెనక్కి తన్నింది,
అప్పుడు ఊపిరి పీల్చిన్నం ముగ్గురం.

కేస్ షీట్ల సంతకం ఆమెది.
రూలే అది, దొంగతనం కాదు.
తెల్లారి బేకరీ నుంచి దిల్‌పసంద్ తెచ్చి
పెద్ద ముక్క నాకిచ్చింది.
కోపం రాలే అనను.
తిన్న.

జీఎన్ఎం కట్టుమంటున్నది ఇప్పుడు.
ఏఎన్ఎం వాళ్ళకు వయసు పట్టింపు లేదంట,
మూడేండ్లే గద అక్కా అంటది.
మూడేండ్లు అద్దె ఎవరు కడుతరో ఫారంల ఖాళీ లేదు.
అట్లని చింపెయ్యలే కూడా.
దిండు కింద ఉన్నది.

ఏజెన్సీ నుంచి ఫోనొచ్చింది:
నల్లకుంటల పెద్దాయన, ముక్కుకు గొట్టం,
పన్నెండు గంటల డ్యూటీ, కమీషన్ పోంగ చేతికి ఇంత.
ఆ ఇంట్ల నన్ను సిస్టరంటరో
ఆయమ్మంటరో
మొదటి రోజు చాయ్ ఏ గిలాసల పోస్తరో చూస్తే తెలుస్తది.
సాయంత్రం చెప్త అన్న.

బస్సెక్కిన. కండక్టర్ ఆధార్ చూసి
జీరో టికెట్ కొట్టిండు.
కోర్సు అడగలే.
ముందు సీట్ల తల్లి భుజమ్మీంచి
ఎవరి పిల్లనో చెయ్యి వేలాడేసి నిద్రపోతున్నది.
మణికట్టు పైన, బొటనవేలి దిక్కు,
చూడంగనే దొరికింది.
మస్తు మంచి నరం.
చెయ్యి ఒళ్ళ పెట్టుకొని
కిటికీ దిక్కు తిరిగిన.